అప్ప ఇచ్చిన కిడ్నీ, అమ్మోరు వచ్చిన ఇల్లు

ఆపరేషన్ తర్వాతే అసలు పని

కిడ్నీ మార్పిడి విభాగంలో కొత్తగా చేరే పిల్లలు ముందు ఆపరేషన్ థియేటర్ వైపు చూస్తారు. తొంభైల మొదట్లో విశాఖపట్నం వచ్చి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరినప్పుడు నేనూ అటే చూశాను. సర్జన్ గారు ఒక పూట పని చేసి, చేతులు కడుక్కుని, దండలు వేయించుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ మనిషితో, ఆ కిడ్నీతో, ఆ ఇంటివాళ్ళందరితో వేగేది మాలాంటి మందుల డాక్టర్లు. మాకు దండలుండవు. జ్వరాలుంటాయి.

ఎందుకో చెబుతాను. మన ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు. బయటినుంచి వచ్చింది ఏదైనా వాళ్ళకి దొంగే. అప్పు చెయ్యకుండా, అడక్కుండా, సొంత అక్క ప్రేమగా ఇచ్చిన కిడ్నీ అయినా సరే, దొంగే. అందుకని ఆ కాపలాకి కాస్త మత్తు పెడతాం. రోగి జీవితాంతం మింగే బిళ్ళలు అవే. కాపలా మత్తులో జోగుతుంటే అసలు దొంగలూ దూరతారు. వాళ్ళలో గడుసువాళ్ళు వైరస్‌లు. మత్తు ఎక్కువైతే వైరస్ మనిషిని తీసుకుపోతుంది, తక్కువైతే కాపలా కిడ్నీని తీసుకుపోతుంది. నా ఉద్యోగం మొత్తం ఈ రెండు వాక్యాల మధ్య గడిచింది.

మా పెద్ద డాక్టరు గారి గురించి కూడా ఒక మాట. పని తెలిసిన మనిషి. చెయ్యి పట్టుకుంటే జ్వరం ఎంతుందో చెప్పేవారు, థర్మామీటరు తర్వాత అదే చెప్పేది. నోరు మాత్రం భరించలేం. రోగి ఏ చిన్న తప్పు చేసినా వార్డు దద్దరిల్లేలా అరిచేవారు. దాంతో జనం తప్పులు మానలేదు, చెప్పడం మానేశారు. కోపిష్ఠి డాక్టరుకి సగం జబ్బే కనబడుతుందని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన ఉండగా ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.

వేపరొట్ట కట్టిన గుమ్మం

ఎల్లాజీ సముద్రం మీద వేటకి పోయే మనిషి. ముప్పై దాటకుండానే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అతని అప్ప నూకాలు తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఈ వైపు అక్కని అప్ప అంటారు. నాది కృష్ణా జిల్లా, ఆ అప్ప ఎవరో అర్థం కాక మొదటిరోజు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

నూకాలు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. మాటలో మహా జోరు. ఆపరేషన్‌కి ముందు నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"డాక్టరమ్మా, నా కిడ్నీ తీసి ఈడికి పెడతారు గదా. అది ఈడి మాట ఇంటాదా, నా మాట ఇంటాదా?"

వెనకనుంచి విన్న పెద్ద డాక్టరు గారు నవ్వేశారు. నేను నవ్వలేదు.

కిడ్నీ చక్కగా పనిచేసింది. ఎల్లాజీ వారం వారం వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళేవాడు. మూడో నెలలో ఒక వారం రాలేదు. ఎవరింట్లోనూ ఫోన్లు లేని రోజులు. పెద్ద డాక్టరు గారు "పొగరు" అని తేల్చేశారు. అంత క్రమంగా వచ్చే మనిషి ఎందుకు మానేశాడో తెలుసుకోకపోతే నాకు తోచదు. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి సముద్రం ఒడ్డున వాళ్ళ పేటకి వెళ్ళాను.

గుమ్మానికి వేపరొట్ట కట్టి ఉంది. గడపకి అప్పుడే రాసిన పసుపు. ఎల్లాజీ తల్లి పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా, ఆగు. లోపలికి రాకు. ఇంట్లో అమ్మోరున్నాది."

ఎల్లాజీ కూతురికి రెండు రోజుల కిందట ఆటలమ్మ పోసింది. మన పుస్తకాల్లో చికెన్‌పాక్స్ అని రాసి ఉండే వైరస్ జబ్బు. ఆ ఇంట్లో అది జబ్బు కాదు. అమ్మవారు ఇంటికి రావడం. ఆమె ఉన్నన్నాళ్ళూ తాలింపు వెయ్యరు, చేప వండరు, ఇంట్లో ఎవరూ మందు ముట్టుకోరు. పిల్లకి నీళ్ళు పోసి, అమ్మవారిని సాగనంపాకే మళ్ళీ మామూలు బతుకు.

"నిన్ను అమ్మోరు సూసిందేటి?" అని అడిగింది పైడమ్మ.

చిన్నప్పుడు నాకూ పోసింది. కనుబొమ పక్కన మిగిలిన చిన్న గుంట చూపించాను. ఆవిడ దగ్గరికొచ్చి, వేలితో తడిమి, పక్కకి తప్పుకుంది. నా డిగ్రీలు తెరవని గుమ్మం ఆ మచ్చ తెరిచింది. లోపల పిల్లకి సేవ చేస్తున్న వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అమ్మవారు చూసి వెళ్ళిన వాళ్ళే. మిగతావాళ్ళకి ప్రవేశం లేదు. మేం ఆసుపత్రిలో ఇదే పద్ధతికి పెద్ద పేరు పెట్టుకుని, పాటించడానికి నానా అవస్థలూ పడేవాళ్ళం.

ఎల్లాజీ ఒక్కడు మాత్రం, తన పిల్ల కాబట్టి, రాత్రి దాని పక్కనే పడుకున్నాడు. వల బాగుచేసుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

"బిళ్ళలు వేసుకుంటున్నావా?"

"నేదమ్మా. అమ్మోరున్నప్పుడు ముట్టకూడదు గదా. నాను మందేసుకుంటే మా గుంట మీద అమ్మోరికి కోపమొత్తాది." గుంట అంటే అతని కూతురు.

"నీకు చిన్నప్పుడు పోసిందా?"

జవాబు పైడమ్మ చెప్పింది. "ఆ యేడు ఈదంతా పోసింది. నూకాలికీ పోసింది. ఈడు మాత్రం మా తమ్ముడింట బీమిలీలో ఉండిపోనాడు. ఈడిని అమ్మోరు సూడనేదు."

బిళ్ళలు మానేశాడు కాబట్టి కాపలా లేచి కిడ్నీ మీద పడుతుంది. అలాగని బిళ్ళలు వేస్తే, ఎన్నడూ చూడని వైరస్ ఆ మత్తులో ఊపిరితిత్తుల దాకా పోతుంది. పిల్లకి వారంలో తగ్గిపోయేది తండ్రిని చంపగలదు. అది ఈసరికే అతని ఒంట్లో దూరి ఉంటుంది కూడా.

బిళ్ళలు ఎవరివి

అరవాలనిపించింది. పెద్ద డాక్టరు గారు అరిస్తే ఏమవుతుందో చూసినదాన్ని కాబట్టి ఊరుకుని అరుగు మీద కూర్చున్నాను. మొత్తం సంగతి పైడమ్మకి చెప్పాను. ఆవిడ అంతా విని, తల అడ్డంగా ఊపింది. కొడుకు మీద ప్రేమ లేక కాదు. లోపల పిల్ల ఉంది. మందు ముట్టుకుంటే దాని మీద అమ్మవారికి కోపం వస్తుందని ఆవిడ భయం. కొడుకుని కాపాడబోయి మనవరాలిని పోగొట్టుకోమని నేను అడుగుతున్నట్టు వినబడింది ఆవిడకి.

ఇంతలో నూకాలు ఖాళీ తట్టతో వచ్చింది. విషయం విని తట్ట కింద పెట్టి తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, నాను ఏ ఇంటి మడిసిని?"

"ఏటే ఆ మాట? పోలయ్యింటి దానివి." పోలయ్య అంటే నూకాలు మొగుడు.

"మరి నా కిడ్నీ ఏ ఇంటిది?"

పైడమ్మ లోపలి పిల్ల వైపు చూసింది. నూకాలు ఆగలేదు.

"నానిచ్చినాను గానీ అది నాదే. నా ఇంటిదే. అమ్మోరు నీ ఇంటికొచ్చింది, నా ఇంటికి రానేదు. ఆ బిళ్ళలు ఈడికి కాదు, నా కిడ్నీకి. నా కిడ్నీకి నాను మందేసుకుంతన్నాను. ఈడి నోరు ఊరికే దారి."

వైద్యశాస్త్రంలో ఎక్కడా లేని వాదన. తప్పని చెప్పడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. పైడమ్మ లోపలికి వెళ్ళి, పిల్ల దగ్గర కాసేపు నిలబడి, ఏదో మొక్కుకుని వచ్చింది.

"సర్లే. నీ కిడ్నీకి నువ్వేసుకో. నీ సేత్తోనే ఎయ్యి. ఈడు ముట్టకూడదు."

ఆ క్షణం నుంచి ఎల్లాజీ బిళ్ళ చేత్తో పట్టుకోలేదు. నోరు తెరిచేవాడు, అప్ప వేసేది.

ఇక వైరస్ సంగతి. అది ఒంట్లో పెరగకుండా చెయ్యడానికి అప్పట్లో ఒకే దారి. జబ్బు వచ్చి తగ్గిన వాళ్ళ రక్తంలో దాన్ని గుర్తుపట్టే పదార్థాలు మిగిలిపోతాయి. యాంటీబాడీలంటాం. చాలామంది రక్తంలోంచి వాటిని తీసి సీసాల్లో పెట్టి అమ్ముతారు. వైరస్ తగిలిన నాలుగు రోజుల లోపు ఎక్కిస్తే, సొంత కాపలా మత్తులో ఉన్నా ఈ అరువు కాపలా పనిచేస్తుంది. ఇదంతా నాకు తోచిన తెలుగులో పైడమ్మకి చెప్పాను.

"అంతే, అమ్మోరు సూసి ఒదిలేసినోళ్ళ ఒంట్లోది."

"అవును."

"అది మందేటమ్మా? అమ్మోరి గురుతు. ఎక్కించు."

ఆ మాట నేను ఆవిడ నోట పెట్టలేదు. కాదనీ అనలేదు. అబద్ధానికి తల ఊపావని తర్వాత ఒక తోటి డాక్టరు నన్ను దెప్పాడు. నాకు అందులో అబద్ధం కనబడలేదు. సీసాలో ఉన్నది అదే.

ఎల్లాజీ అంతదాకా వింటూ ఉండి, నా వైపు తిరిగాడు. "అమ్మా, అప్పని అమ్మోరు సూసింది గదా. అప్ప కిడ్నీ నా కడుపులో ఉన్నాది. మరి నన్నెలగ పట్టుద్ది?" అన్నాడు. కిడ్నీ వడపోత పనే చేస్తుందనీ, ఆ గురుతులు తయారుచేసే కణాలు ఎముకల మూలుగలో, రక్తంలో ఉంటాయనీ చెప్పాను. "అప్ప కాపలా అప్ప దగ్గరే ఉండిపోనాదన్నమాట" అన్నాడు దిగులుగా. పరీక్షల్లో ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

ఐసులో పెట్టిన సీసాలు

మా ఊళ్ళో ఆ సీసాలు లేవు. మద్రాసుకి ఫోన్ చేసి, రైల్లో పంపించమన్నాం. ఎల్లాజీని ఆసుపత్రికి తెచ్చి, మిగతా కిడ్నీ రోగులకి అతని గాలి తగలకుండా వరండా చివరి గదిలో ఉంచాం. స్టేషనుకి వెళ్ళి పెట్టె తీసుకొచ్చే పని పోలయ్యకి అప్పజెప్పాం. చల్లగా ఉంచాలి బాబూ, ఎండ తగలనివ్వకు అని గట్టిగా చెప్పాం.

రైలు ఆలస్యంగా వచ్చింది. పెట్టెలో ఐసు నీరైపోయింది. పోలయ్య జెట్టీలో చేపలు పేక్ చేసే మనిషి. చల్లగా ఉంచడం ఊళ్ళో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేరుగా హార్బరుకి పోయి, చూర ఐసు తెచ్చి, ఇంకా చల్లబడడానికి రాళ్ళుప్పు కలిపి, దూరప్రాంతానికి పండుగప్ప చేపని పంపినంత శ్రద్ధగా ఆ సీసాలని అందులో పాతిపెట్టాడు. గర్వంగా పెట్టె తెచ్చి నా ముందు దింపాడు.

"సూడండమ్మా, మూడ్రోజులైనా సెక్కు సెదరదు."

తెరిచాను. అంచుల్లో ఉన్న సీసాలు రాయిలా గడ్డకట్టాయి. ఆ మందు చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకడితే కరిగించినా పనికిరాదు. ఆ సంగతి అతనికి మేమెవ్వరం చెప్పలేదు. చేప ఎంత గట్టిపడితే అంత మంచిది కదా మరి.

పెద్ద డాక్టరు గారి అరుపులు వరండా అంతా వినబడ్డాయి. పోలయ్య గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బామ్మర్దిని నా సేతుల్తో నానే సంపేసినాను" అన్నాడు. నేను సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి వంచి చూశాను. మధ్యలో దూదిలో చుట్టి ఉన్నవి ద్రవంగానే ఉన్నాయి. కావలసినదాంట్లో సుమారు సగం.

"సగం మోతాదు పనిచేస్తుందాండీ?" అని అడిగాను.

పెద్ద డాక్టరు గారు అరవడం ఆపారు. "నాకు తెలీదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదే మొదలు. అక్కణ్ణించి ఆయన మీద నాకు నిజమైన గౌరవం ఏర్పడింది. ఇంకో పెట్టె తెప్పించేసరికి గడువు దాటిపోతుంది. ఉన్నది ఎక్కించాం.

ఎదురుచూడడం ఒక పని

ఆ తర్వాత చెయ్యగలిగింది ఎదురుచూడడమే. ఈ వైరస్ వెంటనే బయటపడదు. యాంటీబాడీ ఎక్కించినవాళ్ళలో ఇంకా ఆలస్యం చేస్తుంది. ఎల్లాజీ ఆ గదిలో కూర్చుని వల అల్లుకున్నాడు. నేను రోజూ వెళ్ళి అతని వీపు చూసి వచ్చేదాన్ని.

ఇక్కడ ఇప్పటి పిల్లలకి ఒక మాట చెప్పుకోవాలి. రెండువేల సంవత్సరం దాటాక మా పని మారిపోయింది. రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కగట్టే పరీక్షలు వచ్చాయి. మా రోగుల్ని అన్నిటికంటే ఎక్కువ వేధించే సైటోమెగాలో వైరస్‌కి సూది మందు బదులు బిళ్ళ వచ్చింది. జ్వరం రాకముందే పట్టేస్తున్నాం. ఆటలమ్మకి టీకా వచ్చింది, ఆపరేషన్‌కి ముందే వేసేస్తాం. ఇదంతా గొప్ప సుఖం, నేను పాతకాలమే బాగుందనే బాపతు కాదు. కానీ కాగితం మీద అంకె కనబడగానే కుర్చీలోంచి లేవని డాక్టర్లని చూస్తున్నాను. అంకె పెరిగింది, మందు పెంచు. తెల్లకణాలు పడిపోయాయి, ఇంకో పరీక్ష రాయి. ఆ తెల్లకణాల్ని పడగొట్టింది నువ్వు పెంచిన మందేనేమో కాస్త ఆలోచించు నాయనా. ఆ మనిషి ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరికి జ్వరమో ఒక్కసారి అడుగు. అడిగేటప్పుడు వాళ్ళ మాటల్లో అడుగు. ఎల్లాజీ తర్వాత మేం ఆపరేషన్‌కి ముందు అందరినీ "నిన్ను అమ్మోరు చూసిందా" అనే అడిగాం. చికెన్‌పాక్స్ అంటే తల ఊపి ఊరుకునేవాళ్ళు ఈ ప్రశ్నకి ఊరూ పేరూ ఏడాదీ అన్నీ చెప్పేవాళ్ళు.

సూదుల్లాంటి పలుకులు

పిల్లకి తగ్గి, ఇంట్లో అమ్మవారిని సాగనంపారు. ఇక్కడ మాత్రం ఒక పొద్దున ఎల్లాజీ మెడ మీద రెండు పొక్కులు కనబడ్డాయి. సాయంత్రానికి ఛాతీ మీద ఇంకొన్ని. ఇప్పుడు ఆ అమ్మవారు అతని దగ్గరికే వచ్చింది. పైడమ్మ వచ్చి గది గుమ్మానికి వేపరొట్ట కట్టింది. నేను వద్దనలేదు.

వైరస్‌ని చంపే ఎసైక్లోవిర్ మందు నరంలోకి మొదలుపెట్టాం. మత్తు బిళ్ళల్లో ఒకదాన్ని ఆపాం. పొక్కులు ఆగాయి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. సగం మోతాదు తన సగం పని తాను చేసి ఉంటుంది, చెయ్యలేదని రుజువు చెయ్యలేను. హమ్మయ్య అనుకుంటుండగా రక్తపరీక్షలో, కిడ్నీ పాడైతే పెరిగే అంకె పైకి లేచింది. మూత్రం తగ్గింది.

నూకాలు నా కొంగు పట్టుకుంది. "నా కిడ్నీకి ఏటైనాది?"

పెద్ద డాక్టరు గారు, బిళ్ళలు మానేసిన రోజులకి ఇప్పుడు ఫలితం వచ్చిందని, కాపలా కిడ్నీ మీద పడిందని అన్నారు. అలా అయితే స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఇవ్వాలి. కానీ ఒంటినిండా వైరస్ ఉన్నప్పుడు ఆ మోతాదు ఇస్తే మనిషి దక్కడు. ఇవ్వకపోతే, ఆయన అన్నదే నిజమైతే, కిడ్నీ దక్కదు.

నాకెందుకో ఆ మూత్రం నా కళ్ళతో చూడాలనిపించింది. లేబుకి వెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నటి సూదులు. గుత్తులు గుత్తులుగా మెరుస్తున్న సూదులు. ఇదివరకు బొమ్మల్లోనే చూశాను. ఎసైక్లోవిర్ తొందరగా ఎక్కితే, నీళ్ళు చాలకపోతే, కిడ్నీ గొట్టాల్లో ఇలా స్ఫటికాల్లా పలుకులు కట్టి అడ్డం పడుతుంది. ప్రాణం కాపాడుతున్న మందే దారి మూసేస్తోంది. అంత ఆందోళనలోనూ, నిజం చెబుతున్నాను, ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను.

పెద్ద డాక్టరు గారిని పిలిచి చూపించాను. ఆయన కంటద్దం మీద వంగి ఎంతసేపటికీ లేవలేదు. లేచాక, "స్టెరాయిడ్‌కి రేపటిదాకా ఆగుదాం" అన్నారు. మోతాదు తగ్గించి, మందు గంటల తరబడి నెమ్మదిగా వెళ్ళేలా చేశాం, నీళ్ళు బాగా ఎక్కించాం. మర్నాడు మూత్రం పెరిగింది. ఆ తర్వాత అంకె దిగడం మొదలుపెట్టింది.

చివరి చెంబు

పొక్కులు ఎండి, పక్కులు రాలాక, పైడమ్మ వేపాకు, పసుపు వేసిన నీళ్ళ బిందెతో ఆసుపత్రికి వచ్చింది. నీళ్ళు పొయ్యకుండా ఇంటికి తీసుకెళ్ళనంది. పెద్ద డాక్టరు గారు "ఏమిటీ గోల ఇక్కడ" అంటూ వచ్చారు. ఆవిడ బెదరలేదు.

"బాబూ, నిన్ను అమ్మోరు సూసిందేటి?"

ఆయన తడబడ్డారు. కాలరు కాస్త పక్కకి లాగి మెడ మీది మచ్చ చూపించారు.

"అలగైతే నువ్వూ ఒక సెంబు పొయ్యి."

ఆయన పోశారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా లేదా అని ముందు వేలు పెట్టి చూసి మరీ పోశారు. ఆ రోజు పోలయ్య అందరికంటే వెనక నిలబడ్డాడు. తర్వాతి ఏళ్ళలో మద్రాసు నుంచి ఏ పెట్టె వచ్చినా స్టేషనుకి వెళ్ళింది అతనే. సీసాల చుట్టూ తువ్వాలు, దాని బయట అట్ట, ఆ బయట ఐసు. ఒక్క సీసా గడ్డకట్టలేదు.

తడి తుడిచి ఎల్లాజీని మంచం మీద కూర్చోబెట్టారు. పొద్దుటి బిళ్ళల వేళ. అలవాటుగా నోరు తెరిచాడు. నూకాలు బిళ్ళల డబ్బా పట్టుకుని నా వంక తిరిగింది.

"డాక్టరమ్మా, నా కిడ్నీ ఎలగున్నాది?"

"బాగుంది. మునుపట్లాగే పనిచేస్తోంది."

"అమ్మోరు ఎల్లిపోనాది గదా. ఇంక మందు ముట్టొచ్చు గదా," అంది తల్లితో.

పైడమ్మ తల ఊపింది.

నూకాలు తమ్ముడి చెయ్యి లాగి డబ్బా అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇంక ఇది నీదిరా. నీ కిడ్నీకి నువ్వేసుకో."